జరగని ఊరేగింపు

(ఒక ఆదివారం సాయంత్రం చిత్రకళ మీద ఆసక్తి ఉన్నవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రికార్డింగు విని రాసుకున్న పాఠం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? బాబూ, లైట్లు కొంచెం తగ్గించు. ఆఁ, చాలు చాలు. పూర్తిగా ఆర్పేస్తే ఆదివారం భోజనం చేసి వచ్చినవాళ్లు అట్నుంచి అటే నిద్రలోకి వెళ్లిపోతారు. (నవ్వులు)

ఈ తెర మీద పడుతున్న బొమ్మ చూడండి. ఇక్కడ మహా అయితే 6 అడుగుల వెడల్పు ఉంటుంది. అసలుది 17 అడుగులు. అంటే ఆ మూల ఫ్యాను స్విచ్చుల దగ్గర మొదలెడితే ఇటు ఈ తలుపు దాకా వస్తుందన్నమాట. ఎత్తు 7 అడుగుల పైచిలుకు. కాన్వాసు మీద ఆయిల్ పెయింటింగ్. వేసినాయన ఫ్రెడరిక్ లేటన్. స్పెల్లింగ్ చూసి మనం ‘లైటన్’ అనేస్తాం గానీ వాళ్లు పలికేది లేటన్ అనే. ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి రోజులు. 1853లో మొదలుపెట్టి 1855కి పూర్తి చేశాడు. బొమ్మ పేరు ‘చిమబూయే గీసిన సుప్రసిద్ధ మడోన్నా చిత్రాన్ని ఫ్లోరెన్స్ వీధుల్లో ఊరేగించడం’. ఫ్లోరెన్స్ అంటే ఇటలీలో ఒక నగరం. ఇది పొట్టి పేరు. మొదటిసారి ప్రదర్శనకి పెట్టినప్పుడు కేటలాగులో ఎవరెవరు ఎక్కడెక్కడ నడుస్తున్నారో కూడా పేరులోనే రాసేశారు. పెళ్లి శుభలేఖలో చుట్టాల పేర్లన్నీ వేసినట్టు.

నా సంగతి చెప్తాను. మా అమ్మాయి లండన్ దగ్గర ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నేషనల్ గ్యాలరీకి తీసుకెళ్లింది. నాకేమో వాన్ గో పొద్దుతిరుగుడు పూలు చూడాలని ఒకటే ఆత్రం. మెట్లెక్కి, ఎవరో తరుముతున్నట్టు లోపలికి నడిచాను. మూడు గంటలు తిరిగి, కాళ్లు పీకుతుంటే బయటికి వస్తున్నాం. మెట్ల దగ్గర మా అమ్మాయి ఆగి, “నాన్నా, ఒక్కసారి తలెత్తి చూడండి” అంది. అప్పట్లో ఈ బొమ్మని ప్రధాన ద్వారం లోపల, మెట్లదారిలో బాగా ఎత్తుగా వేలాడదీశారు. పొద్దున నేను దాని కిందనుంచే నడిచి వెళ్లాను! 17 అడుగుల బొమ్మ కనపడలేదు నాకు. పాతికేళ్లు పిల్లలకి డ్రాయింగు చెప్పినవాణ్ణి, సిగ్గేసింది. అక్కడే మెట్ల పిట్టగోడకి ఆనుకుని మెడ పట్టేసేదాకా చూశాను. ఆ మెడనొప్పి ఫలితమే ఈ ఉపన్యాసం.

సరే, బొమ్మలోకి వెళ్దాం. ఒక వీధి. వెనక అడ్డంగా గోడ. దూరంగా కొండ మీద ఒక చర్చి, అది శాన్ మినియాతో, ఇప్పటికీ ఫ్లోరెన్స్ నగరానికి ఎదురుగా అలాగే ఉంది. గోడ ముందు ఈ చివర నుంచి ఆ చివరకి జనం. చర్చి పెద్దలు, వాయిద్యాలవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. ఒక్కొక్కరి బట్టల మడతలు చూడండి, ఏ ఇద్దరివీ ఒకలా పడవు. సరిగ్గా మధ్యలో తెల్లటి దుస్తుల్లో, తలమీద లారెల్ ఆకుల కిరీటంతో నడుస్తున్నాడే, ఆయనే చిమబూయే. 13వ శతాబ్దపు ఫ్లోరెన్స్ చిత్రకారుడు. ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తున్న పిల్లాడు జొట్టో. గొర్రెలు కాసుకుంటూ రాతిమీద గొర్రె బొమ్మ గీస్తుంటే, అటుగా పోతున్న చిమబూయే చూసి ముచ్చటపడి శిష్యుడిగా తీసుకెళ్లాడని కథ. ఆ తర్వాత గురువుని మించిపోయాడు. వీళ్ల వెనక మోస్తున్నది మడోన్నా, అంటే ఒళ్లో బాల ఏసుతో మేరీమాత. దాని వెనకాల ఆనాటి శిల్పులు, చిత్రకారులు. ఇటు కుడివైపు గుర్రం మీద ఉన్నది రాజు, ఆంజూ వంశపు చార్లెస్, నేపుల్స్ ప్రభువు.

ఇక ఆ కుడి చివరి మూల చూడండి. గోడకి ఆనుకుని ఒక మనిషి నిలబడ్డాడు. ఊరేగింపులో కలవలేదు, చూస్తున్నాడంతే. ఆయన డాంటే. ఇటలీ మహాకవి. ఆయన్ని అక్కడ పెట్టడంలో లేటన్ కొంటెతనం ఉందని నా నమ్మకం. ఎందుకంటే డాంటే తర్వాత రాయబోయే కావ్యంలో, పాపప్రక్షాళన భాగం 11వ సర్గలో, సరిగ్గా ఈ ఇద్దరి గురించే ఒక మాట ఉంది. చిత్రకళలో తనకి ఎదురులేదనుకున్నాడు చిమబూయే, ఇప్పుడు జనం నోట జొట్టో పేరే, ఆయన పేరు మసకబారింది అని. అంటే ఊరు ఊరంతా చిమబూయేకి జేజేలు కొడుతుంటే, మూల నిలబడ్డ ఈయన మటుకు ఆ కుర్రాడి వైపు చూస్తూ ఇదంతా నాలుగు రోజుల ముచ్చటే అనుకుంటున్నాడన్నమాట. పెళ్లిళ్లలో ఇలాంటి పెదనాన్న ఒకాయన ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. (నవ్వులు)

ఈ కథ లేటన్‌కి ఎక్కణ్నుంచి వచ్చింది? వసారి నుంచి. జార్జో వసారి 16వ శతాబ్దపు చిత్రకారుడు, ఇటలీ కళాకారుల జీవితాలు రాసినవాడు. 1550లో మొదటిసారి అచ్చయింది, 1568లో పెంచి మళ్లీ వేశాడు. అందులో చెప్తాడు: చిమబూయే శాంతా మరియా నొవెల్లా చర్చి కోసం పెద్ద మడోన్నా చిత్రం గీస్తున్నాడట. అప్పుడు చార్లెస్ రాజు ఫ్లోరెన్స్‌కి వచ్చాడట. ఊరి పెద్దలు ఆయనకి రకరకాల మర్యాదలు చేస్తూ, అందులో భాగంగా ఈ బొమ్మని చూపించడానికి కూడా తీసుకెళ్లారట. అంతవరకూ ఎవరూ చూడని బొమ్మ. రాజు వెనకాల ఆడా మగా తోసుకుంటూ వెళ్లారు. ఆ సంబరానికి ఆ పేటకి ‘బోర్గో అల్లెగ్రి’ అని పేరొచ్చిందట, అంటే సంతోషాల పేట. ఆ వీధి ఇప్పటికీ ఉంది ఫ్లోరెన్స్‌లో, శాంతా క్రోచె దగ్గర. బొమ్మ పూర్తయ్యాక చిమబూయే ఇంటినుంచి చర్చి దాకా బాకాలు ఊదుతూ ఊరేగించారు. ఇదీ వసారి చెప్పింది. పాత చిత్రకారుల కాగితాల్లో చదివానంటాడు. వసారి కథ చెప్తే కట్టిపడేస్తాడు, కానీ ఆయన మాట మీద అప్పు మాత్రం ఇవ్వకూడదు.

లేటన్ గురించి నాలుగు మాటలు. 1830లో ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున స్కార్‌బరో అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి డాక్టరు, తాత రష్యా జార్ ఆస్థానంలో వైద్యుడు. డబ్బుకి లోటు లేదు. కుటుంబం యూరప్ అంతా తిరుగుతూ ఉండేది. పిల్లాడు బొమ్మలంటే పడి చస్తున్నాడు. మనలాగే తండ్రికి టెన్షన్. ఫ్లోరెన్స్‌లో ఉన్నప్పుడు హైరమ్ పవర్స్ అనే అమెరికన్ శిల్పి దగ్గరికి పిల్లాడి డ్రాయింగులు పట్టుకెళ్లి, “మావాణ్ణి చిత్రకారుణ్ణి చెయ్యమంటారా?” అని అడిగాడట. “మీరు చెయ్యడానికేం లేదండీ, వాడు ఇప్పటికే అయిపోయాడు” అన్నాడట ఆయన. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ష్టైన్లె అనే గురువు దగ్గర నేర్చుకున్నాడు. ష్టైన్లె బృందానికి పాత ఇటలీ బొమ్మలంటే ప్రాణం, గీత స్పష్టంగా ఉండాలి, భక్తి ఉండాలి అనే బాపతు. అక్కణ్నుంచి 1852 చివర్లో రోమ్ చేరాడు. అక్కడే ఈ కాన్వాసు మొదలుపెట్టాడు. 22 ఏళ్ల కుర్రాడు. ఇంగ్లండ్‌లో ఒక్క బొమ్మ ప్రదర్శించలేదు, ఎవరికీ పేరు తెలీదు. అయినా మొదటి దెబ్బకే 17 అడుగులు.

అంత పెద్ద బొమ్మ వెయ్యడంలో ఉన్న బాధేమిటో నాకు కొంచెం తెలుసు. చదువు అయ్యాక రెండేళ్లు విజయవాడలో సినిమా బ్యానర్లు రాసే చోట పనిచేశాను. అక్కడ మొదట తెలిసొచ్చేది ఏమిటంటే, దగ్గరుంటే బొమ్మ కనపడదు, దూరం వెళితే చెయ్యి అందదు. హీరో కన్ను గీస్తున్నవాడికి అది కన్నో చెరువో తెలీదు. అందుకే ఫొటో మీద గళ్లు కొట్టి, బ్యానరు మీదా గళ్లు కొట్టి, గడికి గడి చూసుకుంటూ పెంచేవాళ్లం. లేటన్ కూడా ముందు చిన్నగా కూర్పు తేల్చుకున్నాడు. తర్వాత ఒక్కొక్క మనిషికీ విడిగా పెన్సిల్‌తో స్టడీలు చేశాడు. తల విడిగా, బట్ట మడత విడిగా. ఆ తర్వాతే కాన్వాసు. ఇంతమందిలో ఏ ఒక్కరూ గుంపులో కొట్టుకుపోకుండా ఉన్నారంటే కారణం అదే. కాకపోతే ఒక లోపం కూడా దానివల్లే వచ్చిందనిపిస్తుంది. అందరూ విడివిడిగా ఫొటోకి నిలబడ్డట్టుంటారు. తొక్కిసలాట లేదు. చెమట లేదు. ఎవరి కాలూ ఎవరూ తొక్కరు. మన ఊళ్లో రథం లాగేటప్పుడు చూసినవాళ్లకి ఇది ఊరేగింపా, డ్రస్ రిహార్సలా అని అనుమానం రావడం సహజం. అయినా ఆ వయసుకి, ఆ ధైర్యానికి నేను దండం పెడతాను.

1855 మే నెల. లండన్‌లో రాయల్ అకాడమీ, అంటే అక్కడి చిత్రకారుల పెద్ద సంస్థ, వార్షిక ప్రదర్శన. రాణి, ఆమె భర్త ఆల్బర్ట్ చూడడానికి వచ్చారు. మే 3న రాణి తన డైరీలో రాసుకుంది. ‘లేటన్ అనే ఒకాయన’ వేసిన చాలా పెద్ద బొమ్మ ఒకటుంది, వెలుగుతో నిండి పాత ఇటలీ చిత్రకారుడు వెరొనీజ్ బొమ్మల్ని గుర్తుచేస్తోంది, ఆల్బర్ట్ ముగ్ధుడైపోయాడు, ఎంతగా అంటే నాచేత కొనిపించాడు అని. ‘లేటన్ అనే ఒకాయన’ అన్న మాట చూడండి. అంత అనామకుడు. ధర 600 గినీలు, అంటే 630 పౌండ్లు. రాణి కొన్నదంటే ఇక అడగాలా? రాత్రికి రాత్రే ఊరంతా అతని పేరే. రస్కిన్ లాంటి విమర్శకుడు మెచ్చుకున్నాడు. రోజెటీ అనే చిత్రకారుడైతే కాస్త పుల్లవిరుపుగా, హంట్, మిలే లాంటి మా జట్టు కుర్ర చిత్రకారులకి పోటీగా నిలబెట్టడానికి అకాడమీ పెద్దలకి ఇన్నాళ్లకి ఒకడు దొరికాడు అన్నట్టు రాశాడు. మరుసటి ఏడాది లేటన్ ఇంకో పెద్ద బొమ్మ పంపిస్తే అదే విమర్శకులు చీల్చి చెండాడారు. అది వేరే కథ.

ఇక్కడ ఆల్బర్ట్ గురించి ఒక మాట. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో రఫేల్ కంటే ముందువాళ్ల బొమ్మల్ని పెద్దగా పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆయనకి మాత్రం ఆ పాత ఇటలీ బొమ్మల మీద మోజు. 1846లోనే ఒక చిన్న మూడు రెక్కల చిత్రం కొన్నాడు. ఇవాళ దాన్ని సియెనా నగరపు చిత్రకారుడు దూచ్చో పనిగా చెప్తారు. ఈ దూచ్చో పేరు గుర్తుపెట్టుకోండి. ఇక మీదట కథంతా ఈయన చుట్టూనే.

లేటన్ బొమ్మలో ఊరేగుతున్న మడోన్నా నిజంగానే ఉంది. ఎత్తు నాలుగున్నర మీటర్లు, వెడల్పు 2.9 మీటర్లు. చెక్క మీద గుడ్డు పచ్చసొనలో కలిపిన రంగులతో, బంగారు రేకుతో వేసింది. రుచెల్లాయి మడోన్నా అంటారు, చర్చిలో రుచెల్లాయి అనే కుటుంబపు ప్రార్థన గదిలో చాలాకాలం ఉండబట్టి. ఇప్పుడు ఫ్లోరెన్స్ ఉఫిజి మ్యూజియంలో ఉంది. శాంతా మరియా నొవెల్లా చర్చిలో ‘లౌదేసి’ అనే ఒక సంఘం ఉండేది. సాయంత్రాలు చేరి మేరీమాత మీద పాటలు పాడుకునే గృహస్థుల గుంపు. మన భాషలో చెప్పాలంటే భజన సమాజం. వాళ్లు ఈ చిత్రానికి రాయించుకున్న ఒప్పందపత్రం దొరికింది. తేదీ 1285 ఏప్రిల్ 15. చిత్రకారుడి పేరు దూచ్చో, ఊరు సియెనా. చిమబూయే పేరు లేదు!

ఆ ఒప్పందం నాకు చాలా ఇష్టం. డబ్బు 150 లీరాలు. బంగారం ఖర్చు, మిగతా ఖర్చులు అన్నీ చిత్రకారుడివే. అన్నిటికన్నా గట్టి షరతు ఏమిటంటే, బొమ్మ అందంగా, సంఘానికి తృప్తిగా రాకపోతే వాళ్లు పైసా ఇవ్వక్కర్లేదు, బొమ్మ ఆయనే ఉంచుకోవాలి. ఇప్పుడు మన ఆర్టిస్టులు క్లయింట్ల గురించి బాధపడుతుంటారు గదా. నాలుగున్నర మీటర్ల చెక్కకి సొంత డబ్బుతో బంగారం అద్ది, చివర్లో భజన సమాజం ప్రెసిడెంటు పెదవి విరిస్తే ఆయన గతేంటి? ఆ చెక్క పెట్టుకోవడానికి ఇంట్లో గోడ కూడా ఉండదు.

ఈ కాగితం 1790లోనే అచ్చయింది. కానీ అందులో చెప్పిన బొమ్మ ఇదేనని ఎవరికీ తట్టలేదు. వసారి చెప్పాడు, అంతే, చిమబూయేదే. 1889లో ఫ్రాంజ్ విక్‌హాఫ్ అనే పండితుడు రెంటినీ కలిపి, ఈ మడోన్నా దూచ్చోది అన్నాడు. చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకున్న మాట అది. 1889 నాటికి లేటన్ బతికే ఉన్నాడు, పైగా రాయల్ అకాడమీ అధ్యక్షుడు.

ఇక ఒకసారి ఆ 1285 తేదీ పట్టుకుని మళ్లీ తెర మీదికి చూడండి. గుర్రం మీద రాజుగారు ఉన్నారే, చార్లెస్, ఆయన 1285 జనవరి 7న చనిపోయాడు. ఒప్పందం రాసుకునే నాటికే మూడు నెలలయింది పోయి. వెనక నడుస్తున్న చిత్రకారుల్లో ఒకాయన పేరు కేటలాగులో సిమోనె మెమ్మి అని ఉంది. మనం సిమోనె మార్తిని అంటాం. ఆయన పుట్టింది సుమారు 1284. అంటే ఊరేగింపుకి రావాలంటే ఎవరో చంకనెత్తుకుని తేవాలి. జొట్టో అప్పటికి 18 ఏళ్లవాడని లెక్క, చెయ్యి పట్టుకుని నడిపించే వయసు దాటిపోయింది. వయసు సరిపోయింది ఒక్క డాంటేకే, సరిగ్గా ఇరవై. ఆయనే కదా దూరంగా నిలబడ్డాడు! (నవ్వులు)

చిమబూయేని తలుచుకుంటే నాకు జాలేస్తుంది. ఆయన చేతి మడోన్నాలు వేరే ఉన్నాయి, మంచివి ఉన్నాయి. ఉఫిజిలోనే ఒకే గదిలో చిమబూయే మడోన్నా, దూచ్చోది, జొట్టోది మూడూ ఉంటాయి. కానీ లోకం ఆయన్ని మోసింది తనది కాని బొమ్మకి. శాంతా క్రోచె చర్చికి ఆయన వేసిన పెద్ద శిలువ చిత్రం ఉండేది. 1966 నవంబరులో ఆర్నో నది వరద ఫ్లోరెన్స్‌ని ముంచేసినప్పుడు దాని రంగు చాలావరకు ఊడి నీళ్లలో కలిసిపోయింది. మిగిలినదాన్ని అతికించి నిలబెట్టారు. మళ్లీ 2019లో ఒక విచిత్రం జరిగింది. ఫ్రాన్స్‌లో ఒక పెద్దావిడ వంటింట్లో, పొయ్యి పైన గోడకి ఉన్న చిన్న బొమ్మ ఆయనదని తేలింది. ఏసుని గేలి చేస్తున్న దృశ్యం. వేలంలో 2 కోట్ల 40 లక్షల యూరోలు పలికింది. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఇన్నేళ్లు తాలింపు పొగ పట్టించుకుంటూ కూర్చుంది పాపం ఆ బొమ్మ.

మళ్లీ లేటన్ దగ్గరికి వద్దాం. మెట్ల మీద నిలబడి చూసిన రోజు నాకు తట్టిన విషయం ఒకటి చెప్పాలి. ఇంత జనం, ఇంత ఆర్భాటం దేనికోసం? ఒక బొమ్మ కోసం. మరి ఆ బొమ్మ ఎక్కడ? అదిగో. పక్కకి తిరిగి ఉంది. మనకి ఏటవాలుగా, సన్నగా కనిపిస్తుంది. అది ఎదురుగా తిప్పి ఉంటే, నల్లని చూపుతో, బంగారు వెనకతలంతో మన కళ్లన్నీ దానిమీదే ఉండేవి. లేటన్ దాన్ని పక్కకి తిప్పేశాడు. మన చూపు ఎక్కడ ఆగుతుంది? మధ్యలో, తెల్లబట్టల్లో, కిరీటంతో ఉన్న మనిషి దగ్గర. అంటే ఊరేగుతున్నది అమ్మవారు కాదండీ, ఆర్టిస్టు! వీధిలో నడుస్తుంటే రాజు గుర్రమెక్కి తోడు రావాలి, చర్చి పెద్దలు కదలాలి, జనం తరలిరావాలి. రోమ్‌లో ఒక అద్దె స్టూడియోలో కూర్చుని 22 ఏళ్ల కుర్రాడు కన్న కల ఇది. చిమబూయే పేరు పెట్టుకున్నాడంతే.

ఆ కల నెరవేరిందా అంటే, నెరవేరిందనే చెప్పాలి. రోమ్‌లో ఉండగా ఈ కుర్రాణ్ణి చూసిన నవలాకారుడు థాకరే లండన్ వచ్చి, “అధ్యక్ష పదవికి నీకు గట్టి పోటీ ఒకడున్నాడోయ్” అని మిలేతో అన్నాడని చెప్తారు. 1878లో లేటన్ నిజంగానే రాయల్ అకాడమీ అధ్యక్షుడయ్యాడు. నారింజరంగు బట్టలో ముడుచుకుని నిద్రపోతున్న అమ్మాయి బొమ్మ మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. ‘ఫ్లేమింగ్ జూన్’, 1895. అదీ ఈయనదే. ఊరేగింపుల పిచ్చి మాత్రం పోలేదు. 1866లో ఒకటి, సిరక్యూస్ పెళ్లికూతురు క్రూరమృగాల్ని వెంటబెట్టుకుని గుడికి వెళ్లడం. 1876లో ఇంకోటి ‘డాఫ్నెఫోరియా’, గ్రీకు పండగ ఊరేగింపు, అదీ 17 అడుగులే, లివర్‌పూల్ అవతల పోర్ట్ సన్‌లైట్‌లో ఉంది. 1896 జనవరి 24న ఆయనకి లార్డ్ బిరుదు ఇచ్చారు. ఇంగ్లండ్‌లో అంతకుముందు ఏ చిత్రకారుడికీ దక్కని గౌరవం. మర్నాడే గుండెజబ్బుతో పోయాడు. పెళ్లి చేసుకోలేదు, వారసులు లేరు, బిరుదు ఒక్కరోజు బిరుదు. సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో సమాధి చేశారు. లండన్ వీధుల్లో ఆయన ఊరేగింపు అదీ.

(ఇక్కడ సభలో ఒక పెద్దాయన లేచి, “మాస్టారూ, మరి ఇదంతా అబద్ధమే అయితే ఆ బొమ్మని ఇంకా గోడకి ఎందుకు పెట్టుకున్నారంటారు?” అని అడిగారు.)

బాగా అడిగారు బాబాయిగారూ. అబద్ధం అనకండి, పొరపాటు అందాం. చరిత్ర బొమ్మల్లో నిజం వెతకడం మొదలెడితే గోడలు ఖాళీ అయిపోతాయి. మన దేశంలో ఇలాంటి భారీ ఊరేగింపు బొమ్మ చూడాలంటే కలకత్తా విక్టోరియా మెమోరియల్‌కి వెళ్లండి. వెరెష్చాగిన్ అనే రష్యన్ చిత్రకారుడు వేసింది, 1876లో వేల్స్ యువరాజు జైపూర్‌లో ఏనుగుల మీద వెళ్లడం. అది ఆ కాలంలో నిజంగా జరిగిన సంగతే. నిజమే గానీ, చూస్తే నాకు ఏనుగుల అలంకారం తప్ప ఇంకేం గుర్తుండలేదు. లేటన్‌ది పొరపాటు బొమ్మ, మూలన నిలబడ్డ డాంటే మొహం నాకు ఇప్పటికీ గుర్తే. అది నా అభిరుచి అనుకోండి, నేను వాదించను.

ఇంకోటి. పొరపాటు పూర్తిగా పొరపాటు కూడా కాదు. వసారికి ఆ ఊరేగింపు కథ గాల్లోంచి రాలేదేమో అని నాకు అనుమానం. ఎందుకంటే అలాంటి ఊరేగింపు ఒకటి అచ్చంగా జరిగింది. ఫ్లోరెన్స్‌లో కాదు, సియెనాలో. 1311 జూన్ 9న. ఊరేగిన బొమ్మ ‘మయెస్తా’, కేథడ్రల్‌లో ముఖ్య పీఠం కోసం వేసిన బ్రహ్మాండమైన మడోన్నా. వేసినవాడు ఎవరనుకున్నారు? దూచ్చో! ఆనాటి సియెనావాసి ఒకాయన రాసిపెట్టాడు. ఆ రోజు కొట్లన్నీ మూసేశారు. బిషప్పు, గురువులు, ఊరిని పాలించే తొమ్మండుగురు పెద్దలు, అధికారులు, జనం, చేతుల్లో వెలిగించిన కొవ్వొత్తులతో నడిచారు. వెనక ఆడవాళ్లు, పిల్లలు. గంటలు మోగుతుండగా దూచ్చో పనిచేసిన చోటునుంచి బయల్దేరి, ఊరి నడిబొడ్డున ఉన్న కాంపో మైదానం చుట్టూ తిప్పి కేథడ్రల్‌కి తీసుకెళ్లారు. బాకాలవాళ్లకీ డోలువాళ్లకీ ఊరి ఖజానా నుంచి డబ్బిచ్చినట్టు లెక్క కూడా ఉంది. నాకైతే ఆ వాద్యాల బిల్లే గట్టి సాక్ష్యం. కవులు ఏమైనా రాస్తారు, గుమాస్తా ఊరికే రాయడు.

అంటే చూడండి, లేటన్ వేసిన ఊరేగింపులో మనిషి తప్పు, ఊరు తప్పు, రాజు తప్పు. మోస్తున్న బొమ్మ మటుకు దూచ్చోది. నిజంగా ఊరేగింది కూడా దూచ్చో బొమ్మే. కాకపోతే వేరేది. పాపం దూచ్చో, రెండు చోట్లా ఆయన బొమ్మే ఊరేగింది, కిరీటం మాత్రం పక్క ఊరాయనకి పోయింది.

ఆ మయెస్తా ఏమయింది? 1771లో దాన్ని పీఠం మీదనుంచి దించి ముక్కలుగా కోశారు. ముందువైపు బొమ్మని, వెనకవైపు బొమ్మల్ని వేరుచేశారు. పెద్ద భాగాలు సియెనాలోనే ఉన్నాయి. కింది వరసలో, పైన ఉన్న చిన్న చిన్న పలకలు చెల్లాచెదరై తలో దేశం చేరాయి. వాటిలో మూడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. అదే భవనం. లేటన్ బొమ్మ రాజవంశం సొత్తు, ఎన్నో ఏళ్లుగా అరువు మీద అక్కడ ఉంది. ఇంకో తమాషా చెప్పనా? 1855లో రాయల్ అకాడమీకి సొంత భవనం లేదు, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నేషనల్ గ్యాలరీ భవనంలోనే ఒక పక్క ఉండేది. రాణి ఆ బొమ్మని మొదట చూసింది కూడా ఆ కప్పు కిందే.

రెండోసారి వెళ్లినప్పుడు ఈ మూడు పలకల కోసమే వెళ్లాను. ఒక్కొక్కటి ఇంచుమించు మూరెడు పొడవు, మూరెడు వెడల్పు. అంతే. పదిహేడు అడుగుల బొమ్మ చూసిన కళ్లకి మొదట ఆనలేదు. ఈసారి మెడ ఎత్తక్కర్లేదు, వంగి చూడాలి. ఒకదాంట్లో దేవదూత మేరీ దగ్గరికి వార్త తెస్తున్నాడు. ఇంకోదాంట్లో ఏసు కొండ మీద వెలుగుతో నిలబడ్డాడు. మూడోది పుట్టుగుడ్డి కథ. అందులో ఒకే మనిషి రెండుసార్లు ఉంటాడు. మొదట కర్ర పట్టుకుని నిలబడతాడు, ఏసు వేలితో అతని కన్ను తాకుతున్నాడు. పక్కనే నీటితొట్టి దగ్గర మళ్లీ అతనే, కళ్లు కడుక్కున్నాక. మయెస్తాలో ఆ పలక పక్కన ఉండేది ఆ కొండమీది వెలుగు పలకే. కర్ర చేతిలోంచి వదిలేసి, తలెత్తి అటు చూస్తుంటాడు.